ఐదు నుంచి ఒకటికి: కింది తరగతికి మారే టీచర్ ఏప్రిల్ నుంచి జులై దాకా చేసుకోవాల్సిన పని

ఏప్రిల్ నెలాఖరు వచ్చిందంటే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "మేడం, వచ్చే ఏడాది నాకు ఒకటో తరగతి ఇచ్చారు. ఇన్నాళ్లూ నాలుగు, ఐదు చెప్పాను. అ ఆలే కదా అంటున్నారు అందరూ. నాకేమో టెన్షన్‌గా ఉంది." ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పేకన్నా ఒకసారి రాసి పెడదామని కూర్చున్నాను.

నేనూ ఐదో తరగతి నుంచే ఒకటికి వచ్చాను. మొదటి రోజు బోర్డు నిండా అ నుంచి అః దాకా రాసి "చూసి రాయండి" అన్నాను. ఇరవై ఆరు మందిలో నలుగురు పలక పట్టుకున్నారు. ఒకడు బలపం కొరుక్కు తింటున్నాడు. ఒక పాప చెప్పులు విడిచిన చోటికి వెళ్లి కూర్చుంది. "నిశ్శబ్దం!" అని అరిచాను. ఆ మాటకు అర్థం వాళ్లలో ఒక్కరికీ తెలియదని మధ్యాహ్నం తట్టింది. అప్పటికే గొంతు పోయింది.

ఇది ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలను దృష్టిలో పెట్టుకుని రాసింది. ప్రైవేటు బడిలో ఉన్నవాళ్లు 2, 11 విభాగాలను తమకు తగ్గట్టు మార్చుకోండి.

## 1. చేరాల్సిన చోటు ముందు చూసుకోండి

మన అలవాటు ప్రకారం పుస్తకం మొదటి పాఠం తెరుస్తాం. ఈసారి చివరి పాఠం తెరవండి.

2021 జులైలో మొదలైన నిపుణ్ భారత్ (చిన్న తరగతుల పిల్లలందరికీ చదవడం, లెక్కలు వచ్చేలా చూసే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం) ప్రకారం ఒకటో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలు అంతకుముందు చూడని పాఠంలోనైనా నాలుగైదు చిన్న పదాలున్న వాక్యాన్ని చదవాలి. 99 వరకు అంకెలు చదవాలి, రాయాలి. చిన్న చిన్న కూడికలు, తీసివేతలు చేయాలి. రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు, 999 వరకు అంకెలు. తెలంగాణలో ఈ పనే 2022 ఆగస్టు నుంచి తొలిమెట్టు పేరుతో నడిచింది.

ఒక తెల్లకాగితం తీసుకుని అడుగున ఈ లక్ష్యాలు రాయండి. దానిపైన సంక్రాంతి, ఆపైన దసరా అని రెండు గీతలు గీయండి. దసరా సెలవులకు ఎక్కడుండాలి, సంక్రాంతికి ఎక్కడుండాలి అన్నది మీ మాటల్లో రాసుకోండి. నా కాగితంలో దసరా దగ్గర రాసుకున్నది ఇంతే: "అందరూ బడికి ఏడవకుండా రావాలి. తమ పేరు గుర్తుపట్టాలి. ఒత్తులు, గుణింతాలు లేని పదాలు ఇరవై చదవాలి. 20 వరకు వస్తువులు లెక్కపెట్టాలి."

కొందరికి ఇది తక్కువనిపిస్తుంది. తక్కువ కాదు. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి (ఎన్‌సీఈఆర్‌టీ) తయారుచేసిన విద్యాప్రవేశ్ మాడ్యూల్ కూడా ఒకటో తరగతిలో మొదటి 12 వారాలు ఆటపాటలతో పిల్లలను చదువుకు సిద్ధం చేయడానికే ఇచ్చింది. మీ రాష్ట్రంలో దానికి ఎన్ని రోజులు పెట్టారో సర్క్యులర్‌లో చూసుకోండి. "సిలబస్ వెనకబడ్డారు" అని ఎవరైనా అంటే చూపించడానికి ఆ కాగితం దగ్గరుండాలి.

## 2. రెండు చోట్లకు వెళ్లి రండి

అంగన్‌వాడీ. బడి మూసేలోపే ఒక పూట వెళ్లండి. మీ దగ్గరికి రాబోయే పిల్లల్లో సగం మంది అక్కడే ఉంటారు. అక్కడ పాడే పాటలు రెండు మూడు నేర్చుకోండి. జూన్‌లో మొదటి వారం అవే పాడితే పిల్లలు మీవైపు తిరుగుతారు. కార్యకర్తను అడగాల్సినవి: ఎవరు అసలు మాట్లాడరు, ఎవరికి ఫిట్స్ లాంటివి ఉన్నాయి, ఎవరికి చూపు, వినికిడి అనుమానం, ఎవరు గేటు దాటి పారిపోతారు. నాలుగో ప్రశ్న మర్చిపోకండి.

ఇప్పుడు ఒకటో తరగతి చెబుతున్న టీచర్ గది. మీ హెచ్.ఎం.ను అడిగి ఒక పూట వెనక కూర్చోండి. పాఠం ఎలా చెబుతున్నారని కాకుండా, గడియారం పెట్టుకుని దేనికి ఎంతసేపు పడుతోందో రాసుకోండి. నేను రాసుకున్న దానిలో ఒక ముక్క: "పుస్తకం తీసి 12వ పేజీ తెరవడం: ఆరు నిమిషాలు." ఐదో తరగతిలో ఆ ఆరు నిమిషాల్లో ఒక లెక్క అయిపోయేది. ఈ ఒక్క సంగతి ఒంటబడితే సగం తయారైనట్టే.

## 3. గదిని మోకాళ్ల మీద చూడండి

సిగ్గుపడకుండా తలుపు వేసుకుని, గది మధ్యలో మోకాళ్ల మీద కూర్చుని చుట్టూ చూడండి. ఒకటో తరగతి పిల్ల కళ్లు ఉండేది అక్కడే. మనం అందంగా అంటించిన చార్టులన్నీ దాదాపు సీలింగ్ దగ్గర ఉంటాయి.

- చార్టులు నేల నుంచి మూడడుగుల ఎత్తులో ఉన్నాయా?
- బోర్డు కింది సగం పిల్లలకు అందుతుందా? ఆ సగం వాళ్లకు వదిలేయండి.
- స్విచ్‌బోర్డు, పొడుచుకు వచ్చిన మేకులు, పగిలిన బండ?
- మరుగుదొడ్డి గడియ పిల్లల చేతికి వస్తుందా? లోపల బిగుసుకుపోదు కదా?
- సంపు మీద మూత ఉందా?
- వంటగది నుంచి సాంబారు గిన్నె వచ్చే దారి, పిల్లలు పరుగెత్తే దారి ఒకటేనా?

గడియ పని ముందు చేయించండి. మా బడిలో ఒక పాప లోపల ఇరుక్కుపోయి, బయటికి తీసేసరికి ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లింది. తర్వాత వారం రోజులు బడికే రానంది.

## 4. సామాను

కొనాల్సింది పెద్దగా లేదు. పోగేయాల్సిందే ఎక్కువ.

- అదనపు పలకలు ఐదు, బలపాల డబ్బా ఒకటి (రోజూ ఎవరో ఒకరు మర్చిపోతారు)
- పలక తుడవడానికి తడి గుడ్డలు. లేకపోతే ఉమ్మి వాడతారు
- చీపురు పుల్లలు రెండొందలు, రబ్బరు బ్యాండ్లు
- చింతపిక్కలు రెండు డబ్బాలు
- ఒక పళ్లెం, సన్నటి ఇసుక
- పాత క్యాలెండర్లు (వెనక వైపు రాయడానికి, అంకెలు కత్తిరించడానికి)
- రెండు జతల బట్టలు, ఒక సబ్బు, ఒక మగ్గు
- పిల్లల పేర్లు పెద్దగా రాసిన అట్టలు

చింతపిక్కలు ఇచ్చేటప్పుడు లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకోండి. ముక్కులోనో చెవిలోనో పెట్టుకునేవాడు ప్రతి బ్యాచ్‌లో ఒకడుంటాడు. ఒకవేళ ఇరుక్కుంటే మీరు పుల్లతో తీయబోకండి, ఇంకా లోపలికి పోతుంది. తల్లిదండ్రులకు కబురు చేసి ఆస్పత్రికి పంపండి.

## 5. మొదటి పది రోజులు: రోజుకు ఒక అలవాటు

పెద్ద తరగతి టీచర్లు తడబడేది ఇక్కడే. మనం "అందరూ చేతులు కడుక్కుని ప్లేట్లు తీసుకుని వరుసలో నిలబడండి" అంటాం. అందులో మూడు పనులున్నాయి. వాళ్లు మొదటిది మొదలుపెట్టి మిగతావి మర్చిపోతారు, లేదా చివరి మాట విని పరుగెత్తుతారు. ఒక మాటకు ఒక్క పనే చెప్పండి. అది అయ్యాకే రెండోది.

ఏ అలవాటైనా ఇలా నేర్పండి: మీరు చేసి చూపించండి. ఒక పిల్ల చేత చేయించండి. తర్వాత మీరే తప్పుగా చేయండి. "ఇట్లనా?" అని అడిగితే క్లాసంతా "కాదు టీచర్!" అని అరుస్తుంది. ఆ అరుపుతో వాళ్లకు అది గుర్తుండిపోతుంది. ఆ తర్వాత అందరి చేతా చేయించండి. ఇలా మూడు రోజులు.

నేను పాటించే వరుస:

1. మొదటి రోజు: ఎక్కడ కూర్చోవాలి, చెప్పులు ఎక్కడ విడవాలి
2. రెండో రోజు: చప్పట్ల సైగ. నేను రెండు చప్పట్లు కొడితే వాళ్లు మూడు కొట్టి నా వైపు చూడాలి. అరవాల్సిన పని ఉండదు
3. మూడో రోజు: ఒంటికి, రెంటికి ఎలా అడగాలి, ఎవరితో వెళ్లాలి
4. నాలుగో రోజు: చేతులు కడగడం, ప్లేటు పట్టుకోవడం
5. ఐదో రోజు: పలక తీయడం, పెట్టడం
6. ఆరో రోజు నుంచి: పాతవే మళ్లీ, మధ్యలో పుస్తకం తెరవడం

ఒంటికి వెళ్తానంటే ఆపకండి. ఒకడు లేస్తే పదిమంది లేస్తారు, నిజమే. అయినా వెళ్లనివ్వండి. మొదటి నెలలో ప్రతి పీరియడ్ తర్వాత అందరినీ ఒకేసారి తీసుకెళ్తే ఆ గొడవ సగం తగ్గుతుంది. బట్టలు తడుపుకుంటే క్లాసులో ఎవరికీ తెలియకుండా మార్చండి. అందుకే పై లిస్టులో రెండు జతలు పెట్టాను.

భోజనం. గుడ్డు పెట్టే రోజు ప్రత్యేకంగా చూసుకోండి. చాలామందికి పెంకు తీయడం రాదు. పెంకుతోనే కొరికేవాళ్లుంటారు, అడగడానికి మొహమాటపడి చేతిలోనే పట్టుకుని ఇంటికి తీసుకెళ్లేవాళ్లూ ఉంటారు. మొదటి నెల మీరు పిల్లలు తినేదాకా పక్కనే కూర్చోండి. ఐదో తరగతిలోలా భోజనాల గంటలో రికార్డులు రాసుకుందామంటే కుదరదు.

ఏడుపు. తల్లిని కిటికీ దగ్గర నిలబెట్టొద్దు. "ఇప్పుడే వస్తా" అని అబద్ధమాడి వెళ్లనివ్వొద్దు కూడా. "అన్నం తిన్నాక వస్తాను" అని చెప్పించి, ఆ మాట ప్రకారం రమ్మనండి. ఏడ్చేవాడికి ఏదో ఒక పని ఇవ్వండి: సుద్దముక్కలు పంచడం, డస్టర్ దులపడం. నా అనుభవంలో బుజ్జగింపు కన్నా డస్టర్ బాగా పనిచేసింది.

బెత్తం సంగతి వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మనసు నొప్పించడాన్నీ నిషేధించింది. "మొద్దు" అన్న మాట రెండో దాని కిందికే వస్తుంది.

## 6. రోజును ముక్కలు చేయండి

నలభై నిమిషాల పీరియడ్ కాగితం మీద అలాగే ఉండనివ్వండి. లోపల దాన్ని మూడు ముక్కలు చేయండి: పది నిమిషాలు నోటితో (పాట, కథ, మాట), పదిహేను చేతితో (ఇసుక, పుల్లలు, పలక), మిగిలింది ఒంటితో (లేచి, గెంతి, తిరిగి). కూర్చున్న పనీ కూర్చున్న పనీ వెంటవెంటనే పెట్టకండి.

చాలామందికి ఒకటి, రెండు కలిపి ఇస్తారు. అప్పుడు సూత్రం ఒక్కటే: ఒక తరగతి నోటిపనిలో ఉంటే రెండోది చేతిపనిలో ఉండాలి. రెండూ నోటిపనిలో ఉంటే మీరు అరుస్తారు. రెండూ చేతిపనిలో ఉంటే ఎవరూ నేర్చుకోరు. రెండో తరగతి వాళ్లతో ఒకటో తరగతికి కథ చదివించండి. చదివేవాళ్లకు గర్వం, వినేవాళ్లకు ఆశ.

## 7. అక్షరం దగ్గర తొందర వద్దు

మీ పుస్తకం అక్షరాలను ఏ వరుసలో పరిచయం చేస్తుందో ముందే ఒక చీటీ మీద రాసుకోండి. వర్ణమాల వరుసే పట్టుకుంటే ఋ, ఙ, ఞ దాటేసరికి నెల గడుస్తుంది, పిల్లలు చదవగలిగే పదం ఒక్కటీ ఉండదు.

పదాలు త్వరగా పుట్టే అక్షరాలు ముందు తీసుకోండి. ప, ల, క, త, డ, వ, గ. ఈ ఏడింటితో చూడండి: పలక, పడవ, కడవ, గడప, తల, వల, కల, వడ. ఏడు అక్షరాలకు ఎనిమిది పదాలు. అన్నీ పిల్లలకు తెలిసిన మాటలే. గడప అన్న పదం చదివి, వెళ్లి గడప మీద నిలబడితే ఆ పాఠం అయిపోయినట్టే.

ఒక్కో అక్షరానికి మెట్లు:

1. వినడం. "ప" తో మొదలయ్యేవి చెప్పండి: పలక, పాలు, పిల్లి. ఇంకా ఏం రాయలేదు.
2. చూడటం. అట్ట మీద పెద్ద అక్షరం. పదంలో ఎక్కడుందో వేలు పెట్టించండి.
3. వేలితో. ఇసుక పళ్లెంలో. మొదలుపెట్టే చోట రంగు చుక్క. తెలుగు అక్షరాలు గుండ్రం కాబట్టి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే తర్వాత చేతిరాత దారికి రాదు.
4. పలక నిండా ఒక్కటే. చిన్నగా పదిసార్లు వద్దు.
5. పదంలో. అదే రోజు ఒక పదమైనా చదివించండి.

ఇక్కడ అందరూ చేసే ఒక తప్పు దగ్గరగా చూపిస్తాను. పిల్ల పలక మీద "ల" రాసి పైన తలకట్టు పెడుతుంది. "జ" కూ పెడుతుంది, "బ" కూ పెడుతుంది. మనం చెరిపేసి "మళ్లీ రాయి" అంటాం, మళ్లీ అదే వస్తుంది. ఆ పిల్ల తప్పు ఆలోచించలేదు. క, గ, త, ప అన్నింటికీ తలకట్టు చూసింది కాబట్టి అదే నియమం అనుకుంది. మందు ఇది: తలకట్టు లేని అక్షరాలను, అంటే ఖ, జ, ట, ణ, బ, ల లాంటివాటిని పక్కన పెట్టి "వీళ్లు టోపీ పెట్టుకోరు" అని ఒక జట్టుగా చూపించండి. ఒక అట్ట మీద టోపీ ఉన్నవాళ్లు, ఇంకో అట్ట మీద లేనివాళ్లు. వారంలో సర్దుకుంటుంది.

రెండోది, పోలిక ఉన్న అక్షరాలు: మ–య, ప–వ, ద–డ, ర–ఠ. వీటిని ఒకే వారం నేర్పకండి. మొదటిది గట్టిపడ్డాకే రెండోది. కలిపి నేర్పి "తేడా చూడండి" అంటే ఉన్నదీ పోతుంది.

గుణింతాలు రాగయుక్తంగా బట్టీ పట్టిస్తే చూడముచ్చటగా ఉంటుంది, మండల విద్యాధికారి (ఎంఈఓ) గారు వచ్చినప్పుడు పరువూ నిలుస్తుంది. కానీ వరుస మధ్యలో "కె" మీద వేలు పెట్టి అడగండి. క, కా, కి అని మొదటి నుంచి మొదలుపెడితే ఇంకా రాలేదన్నట్టు. ఒత్తులకు తొందరే లేదు. త, న, మ, య, ర, ల అక్షరాల ఒత్తులు అక్షరం పోలికతోనే ఉండవు. అది తర్వాతి పోరాటం.

## 8. అంకెలు

"ఇరవై ఒకటి" రాయమంటే 201 రాస్తారు. విన్నది విన్నట్టే రాశారు పాపం: ఇరవైకి 20, ఒకటికి 1. ఎన్నిసార్లు దిద్దినా పోదు, ఎందుకంటే లోపం రాతలో లేదు, పది అంటే ఒక కట్ట అన్నది చేతికి తెలియకపోవడంలో ఉంది.

పది పుల్లలకు రబ్బరు బ్యాండు వేసి కట్ట చేయించండి. రెండు కట్టలు, ఒక విడి పుల్ల. బోర్డు మీద రెండు గళ్లు గీసి, కట్టల కింద 2, విడివాటి కింద 1 రాయించండి. కట్ట కట్టేది పిల్లలే కావాలి. మీరు కట్టి ఇస్తే అది బొమ్మ అవుతుంది.

9 దాకా నెల పట్టినా ఫరవాలేదు. సున్నాను చివర్లో, ఖాళీ డబ్బా చూపించి నేర్పండి. 6, 9 తిరగేస్తే కంగారు వద్దు. ఈ వయసులో అది మామూలే.

మీడియం ఇంగ్లిష్ అయినా లెక్క ముందు ఇంటి మాటలో నడిపించండి. మన రెండు భాషల పుస్తకాల్లో ఎదురెదురు పేజీలున్నది అందుకే. థర్టీన్, థర్టీ చెవికి ఒకేలా వినిపిస్తాయి కాబట్టి చెప్పేటప్పుడు పుల్లలు చూపిస్తూ చెప్పండి.

## 9. ఇంటి భాష తెలుగు కాకపోతే

తండాలోనో గూడెంలోనో పోస్టింగ్ అయితే పిల్లలకు మీరు మాట్లాడే తెలుగు రెండో భాష. వాళ్లు మాట్లాడకపోవడాన్ని మందకొడితనం అనుకోకండి. ముప్పై మాటలు వాళ్ల భాషలో నేర్చుకోండి: నీళ్లు, అన్నం, నొప్పి, ఒంటికి, అమ్మ, రా, కూర్చో, ఇలాంటివి. నాలుగో తరగతి పిల్లలనే గురువులుగా పెట్టుకోండి. మీరు తప్పు పలికితే క్లాసంతా నవ్వుతుంది. ఆ నవ్వుతోనే నోళ్లు తెరుచుకుంటాయి.

## 10. పెద్ద తరగతి అలవాట్లు, వాటికి మందు

- "అర్థమైందా?" అని అడగడం. అందరూ అర్థమైందనే అంటారు. "చేసి చూపించు" అనండి.
- హోంవర్క్‌గా పదిసార్లు రాయించడం. అమ్మ రాసి పంపుతుంది. బదులుగా: "ఇంట్లో ఉన్న నాలుగు గిన్నెలు లెక్కపెట్టి రా."
- చురుకైన ఐదుగురితోనే క్లాసు నడపడం. పేర్ల అట్టలు కలిపి తీసి అడగండి.
- ఎర్ర ఇంకుతో ఇంటూలు. బాగా వచ్చిన ఒక్క అక్షరం చుట్టూ సున్నా చుట్టండి. పిల్లలు దానికోసం మళ్లీ రాస్తారు.
- బలపం తినేవాణ్ని తిట్టడం. తల్లికి చెప్పి పీహెచ్‌సీలో చూపించమనండి. రక్తహీనత ఉన్న పిల్లల్లో ఇలాంటి అలవాటు కనిపిస్తుంది.

## 11. ఇంటివాళ్లతో మొదటి మీటింగ్

జూన్ మూడో వారంలో పెట్టండి, సాయంత్రం. కూలికి వెళ్లేవాళ్లు పగలు రాలేరు. పదిహేను నిమిషాలు చాలు. మూడే మాటలు: రోజూ టైముకి పంపండి, రాత్రి తొందరగా పడుకోబెట్టండి, బళ్లో ఏం చేశావని అడిగి వినండి.

"ఇంకా అ ఆలు రాయించలేదేంటి మేడం? పక్క ప్రైవేటు బళ్లో ఏబీసీడీలన్నీ అయిపోయాయట" అని ఎవరో ఒకరు అడుగుతారు. వాదించకండి. వాళ్ల పిల్లనే పిలిచి "పడవ" అట్ట చదివించండి.

## 12. రికార్డు

లెసన్ ప్లాన్, డైరీ ఎలాగూ తప్పవు. వాటికి తోడు ఒక నోట్‌బుక్, పిల్లకొక పేజీ. రోజుకు ముగ్గురి గురించి ఒక్కో లైను చాలు: "14వ తేదీ: మొదటిసారి తనంతట తాను మాట్లాడింది, మేక ఈనిందని చెప్పింది." ముప్పై మంది ఉన్నా రెండు వారాల్లో అందరూ ఒకసారి మీ కలం కిందికి వస్తారు. ఎవరి పేజీ ఖాళీగా ఉందో చూస్తే మీరు ఎవరిని చూడటంలేదో తెలుస్తుంది.

## 13. బదిలీ ఆర్డరు జూన్‌లోనే వస్తే

కౌన్సెలింగ్ ఆలస్యమై నాలుగు రోజుల ముందు తెలిసినవాళ్లు పైవన్నీ చేయలేరు. అప్పుడు ఇంతే:

- మొదటి రోజు: గదిని మోకాళ్ల మీద చూడండి, మరుగుదొడ్డి గడియ బాగు చేయించండి
- రెండో రోజు: అంగన్‌వాడీ కార్యకర్తతో అరగంట, రెండు పాటలు
- మూడో రోజు: పేర్ల అట్టలు, పుల్లల కట్టలు, ఇసుక పళ్లెం
- నాలుగో రోజు: చప్పట్ల సైగ ఇంట్లో పిల్లల మీద ప్రయోగించి చూడండి. గోరువెచ్చని నీళ్లకు ఒక ఫ్లాస్కు కొనుక్కోండి, జూన్ నెలంతా గొంతుకు అది కావాలి